పోలే అంటే పోలేదని కాదు

అంత దూరంలో ఎట్లా ఉంటుంది, అక్కడివాళ్లు ఏం తింటారు, నడుము ఇప్పుడెట్లా ఉంది అని మా సంఘం ఆడవాళ్లు నన్ను నల్లా దగ్గర ఆపి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్తూ నిలబడితే బిందె నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. నీళ్లు వృథాగా పోవడం నాకు గిట్టదు. అందుకని అందరికీ కలిపి ఒక్కసారే రాసి పెడుతున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపించండి. వేరే ఊరివాళ్లు చదివినా తెలియాలని మీకు తెలిసినవీ కొన్ని రాశాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరం తప్పుంటే సర్దుకోండి. అర్థం కాకపోతే ఇంటికి వచ్చి అడగండి. నల్లా దగ్గర వద్దు.

బెల్లంపల్లి: ఒక షరతు

మా చర్చి నుంచి ఏటా ఇద్దరు ముగ్గురు విదేశీ పరిచర్యకు వెళ్తారు. పరిచర్య అంటే మైకు పట్టుకుని ప్రసంగాలు చేయడం అనుకునేరు. అది కాదు. ఆఫ్రికాలో కెన్యా అనే దేశంలో మాకు తోబుట్టువు లాంటి చర్చి ఒకటి ఉంది. వాళ్లకు గోడ కావాలంటే గోడ, కప్పు కావాలంటే కప్పు, మనవాళ్లు వెళ్లి వాళ్లతో కలిసి కట్టి వస్తారు. కొత్త చోట ఒళ్లు వంచి కష్టపడితే ఆత్మ ఎదుగుతుందని మా అయ్యగారు, అంటే మా పాస్టరు, ఏటా చెప్తారు.

ఆ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు. మన ఆడవాళ్లం అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన పెట్టి ఆదివారం చర్చికి తెస్తాం. పిడికిళ్లు ఆడవాళ్లవి. విమానం ఎక్కేది మగవాళ్లు. ఈసారి సంఘం కూటంలో నేను లేచి ఆ మాటే అన్నాను.

మా సంఘపెద్ద యోహానన్న కళ్లద్దాలు సవరించుకున్నాడు. “ఆడ ఇటుకలు మొయ్యాలె ఏస్తేరమ్మా. నీ వయసేంది?”

“ఇటుకలు మోసేది వయసు కాదన్నా, తలకాయ. మీరుంటున్న బాయి క్వార్టర్లు కట్టిననాడు ఇటుకలు మోసింది ఎవలనుకున్నవ్?”

బాయి అంటే మా బొగ్గు గని. ఆ క్వార్టర్ల గోడల్లో నేను మోయని ఇటుక తక్కువ. ఆయన గడ్డం గోక్కున్నాడు.

“సరే, పో. కని ఒక్క షరతు. ఆడ నువ్వు మంచాన పడ్డవంటే, ఇగ మన సంఘంల ఆడోళ్లను ఎవల్నీ పంపం. గిదే మొదలు, గిదే ఆఖరు.”

నా తరువాత వెళ్లవలసిన పేరు సత్తెమ్మది. చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. ఒట్టి భయస్తురాలు, కూటంలో ఇప్పటిదాకా నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. కానీ సముద్రం అవతల ఏముందో చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. షరతు వినగానే నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

“అక్కా, నువ్వు ఆడ చచ్చినా మంచిదే. మంచాన మాత్రం పడకు.”

కరీంనగర్: రెండు తట్టలు

దారిలో కరీంనగర్‌లో నా చిన్న కూతురు ఇంట్లో ఆగాను. చక్రాల సూట్‌కేసు కొనిస్తానని బజారుకు తీసుకుపోయింది. దుకాణదారు ధర చెప్పగానే నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ ధరకు మా దగ్గర మేకపిల్ల వస్తుంది. అది తన కాళ్ల మీద తనే నడుస్తుంది. చక్రాలు కూడా అక్కర్లేదు.

కూలికి పోయిన రోజుల నుంచీ నా దగ్గర రెండు ఇనుప తట్టలు ఉన్నాయి. సిమెంటు మోసేవి. అక్కడ పనికి ఎట్లాగూ తట్ట కావాలి కదా. ఒక తట్టలో చీరలు, మామిడికాయ తొక్కు సీసా సర్దాను. రెండో తట్ట దాని మీద బోర్లించి చేంతాడుతో కట్టాను. తాబేలు లాగా కుదిరింది.

“అవ్వా, విమానంల గిట్ల పోతే ఇజ్జత్ పోతది!” అంది కూతురు.

“ఇజ్జత్‌కు కిరాయి ఎంత అడుగుతరే?” అన్నాను.

విమానం: ఏజెంటు మోసం

ఈ ప్రయాణానికి ముగ్గురం. అయ్యగారు, మేస్త్రి దానియేలు, నేను. దానియేలు మా చెల్లెలి కొడుకు. గోడ కడితే దారం పట్టినట్టు ఉంటుంది, నోరు మాత్రం వంకర. విమానం ఆకాశంలో ఎగిరే అద్భుతం అనుకుని భయభక్తులతో ఎక్కాను. ఎక్కి చూస్తే కరీంనగర్ బస్టాండే. గల్ఫ్‌కు పోయే మనవాళ్లే అంతా. ఒకాయన తొక్కు డబ్బా విప్పాడు, ఇంకొకాయన కిటికీ తెరుచుకోవడం లేదని కోప్పడుతున్నాడు. నా పక్క సీటులో జగిత్యాల వైపు పిలగాడు. నా నడుముకు సీటు పటకా పెట్టి, నిమ్మళంగా మాట కలిపాడు.

“దుబాయిల ఏం పని దొరికిందవ్వా?”

“దుబాయి కాదు బిడ్డా, ఇంకా అవతలికి. దేవుని పని. ఇటుకలు మోసుడు.”

“జీతమెంత?”

“జీతం లేదు.”

“తిండి, రూము?”

“వాళ్లింట్లనే ఉండుడు.”

ఆయన ముఖం మారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అవ్వా, నిన్ను ఏజెంటు మోసం చేసిండు. పాస్‌పోర్టన్న నీ దగ్గరున్నదా, గుంజుకున్నరా?”

“అగో, గా ముందు సీట్ల మా అయ్యగారి దగ్గరున్నది.”

అయ్యగారు అప్పుడే వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వుతో, ఏజెంటు ఈయనే అని ఆ పిలగానికి అనుమానం ఏమీ మిగలలేదు. గల్ఫ్‌లో దిగాక నా చేయి వదలలేదు. “నువ్వు ఫికర్ చెయ్యకు, నేనున్న,” అంటాడు. అయ్యగారు తాను ఏజెంటు కాదని, బెల్లంపల్లిలో ఇన్నేళ్లుగా పాస్టరునని ఆయనకు నచ్చజెప్పేసరికి మా రెండో విమానం తప్పినంత పని అయింది. అయినా ఆయన పోతూ పోతూ ఒక మాట అన్నాడు. “జీతం లేని పనికి సముద్రం దాటుడేందవ్వా?”

నైరోబీ: ఏం ఖరాబైంది?

సామాన్లు తిరిగే పట్టా మీద నల్ల పెట్టెలు, ఎర్ర పెట్టెలు వచ్చాయి. వాటి మధ్య నా తట్టల తాబేలు వచ్చింది. జనం దారి ఇచ్చారు. దొంగతనం భయం లేని సామాను అంటే అది.

బయట మామా రూత్ నిలబడి ఉంది. నా ఈడుదే. మనిషి నిండుగా ఉంటుంది, తలకు పూల రుమాలు. వాళ్ల ఊరి బడిలో పిల్లలకు వండిపెట్టేది ఆమే. అక్కడ పెద్ద ఆడమనిషిని మామా అని, మగమనిషిని బాబా అని పిలుస్తారు, మేనమామకూ దీనికీ సంబంధం లేదు. నన్ను చూడగానే చేతులు చాపి అరిచింది. “కరీబూ! కరీబూ మామా!”

నా కాళ్లు ఆగిపోయాయి. దానియేలు చెవిలో అన్నాడు. “పెద్దమ్మా, ఏందో ఖరాబైందట.”

“తొక్కే అయ్యుంటది!”

డబ్బు మార్చుకోవడానికి అయ్యగారు ఎటో వెళ్లారు. నేను అక్కడే కింద కూర్చుని చేంతాడు విప్పాను. చీరలు ఒకవైపు, తట్టలు ఒకవైపు. సీసా మూత తీసి వాసన చూశాను. బాగానే ఉంది. “ఏం ఖరాబు కాలే, చూడు!” అని ఒక ముక్క తీసి రుజువుకు మామా రూత్ నోట్లో పెట్టాను. ఆమె కళ్ల నుంచి బొటబొటా నీళ్లు కారాయి. అయినా మింగింది. మింగి, నా రెండు చేతులూ పట్టుకుని, “అసాంటే సానా,” అంది.

“శానా అంటున్నది పెద్దమ్మా!” అన్నాడు దానియేలు. “శానా కారమంటదో, శానా మంచిగున్నదంటదో?”

అయ్యగారు వచ్చి చెప్పారు. కరీబు అంటే స్వాగతం. అసాంటే సానా అంటే చాలా కృతజ్ఞతలు. సానా అంటే మన శానాయే, అది మాత్రం ఎట్లా కలిసిందో దేవునికి తెలియాలి. అయ్యగారిది కృష్ణా జిల్లా వైపు. ఆయన మాట ఎప్పుడూ ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. “ఇక్కడి మాటలు మన మాటల్లానే వినిపిస్తాయండీ ఏస్తేరమ్మ గారూ. అర్థాలు వేరు. మీరు కాస్త జాగ్రత్తగా ఉండాలి,” అన్నారు.

జాగ్రత్తగానే ఉన్నాను. జరిగిందేదో జాగ్రత్త వల్లే జరిగింది.

కొండ మీద ఊరు: గట్క, కుక్క, కుర్చీ

ఊరు కాకమేగ అనే పట్నం వైపు ఉంది. ఆ పేరు వింటే కాకినీ మేకనూ కలిపి పిలిచినట్టు ఉంటుంది. రెండూ ఉన్నాయి కూడా. మట్టి ఎర్రగా కుంకుమ లాగా ఉంది. ఎటు చూసినా మక్కచేనే. మన ఊళ్లలో లాగే ఆడవాళ్లు నెత్తి మీద మోస్తారు. మనం బట్టతో కుదురు చుట్టుకుంటాం, వాళ్లు ఎండిన అరటి నారతో చుట్టుకుంటారు. బట్ట మిగులుతుంది. నాకు నచ్చింది.

వాళ్ల అన్నం ఉగాలి. అచ్చం మన మక్కగట్కే. మొక్కజొన్న పిండిని గట్టిగా, కోస్తే ముక్క వచ్చేటట్టు వండుతారు. చేతిలో ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి, ఆ గుంటతో కూర తీసుకుని తింటారు. గరిటె ఖర్చు లేదు. మా అవ్వ చేతి గట్క తిన్న తరువాత మళ్లీ అంత కడుపు నిండా తిన్నది అక్కడే. దాంట్లోకి ఒక ఆకుకూర. దాని పేరుకు, వారాన్ని ముందుకు నెట్టేది అని అర్థమట. చేతిలో డబ్బులు లేని రోజుల్లో అది ఉంటే వారం గడిచిపోతుందట. కూరకు ఇంత బుద్ధిగల పేరు నేను ఎక్కడా వినలేదు.

మొదటి ఆదివారం మామా రూత్ గిన్నె మూత తీసి గర్వంగా, “కూకు!” అంది. దానియేలు చేతిలో ముద్ద జారిపోయింది. “పెద్దమ్మా, కుక్కట!” నేను గిన్నె అంతా గరిటెతో కలియబెట్టి చూశాను. రెక్క దొరికింది. “కుక్కకు రెక్కలుంటయా? కోడిరా. తిను,” అన్నాను.

మేం కట్టవలసింది బడి పిల్లలకు వంటిల్లు. అప్పటిదాకా మామా రూత్ ఆరుబయట మూడు రాళ్ల మీద వండేది. అక్కడ వాన మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా వస్తుంది. పొయ్యి ఆరిపోతే ఆ రోజు పిల్లలకు తిండి లేదు. వానలు గట్టిపడేలోగా కప్పు పడాలి.

అయ్యగారు అక్కడి పాస్టర్లకు పాఠాలు చెప్పడానికి పట్నం వెళ్లిపోయారు, మళ్లీ ఆదివారానికి వస్తానన్నారు. నేను పనికి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వెళ్తే, నలుగురు ఆడవాళ్లు నన్ను పట్టుకుపోయి చెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. పెద్దదాన్నట, చుట్టాన్నట, పని చేయకూడదట. నేను లేచాను. కూర్చోబెట్టారు. లేచాను. కూర్చోవడానికి నేను సముద్రం దాటలేదని తెలుగులో గట్టిగా చెప్పి, తట్ట నెత్తిన పెట్టుకున్నాను.

ఇటుకల కుప్ప: ఖాజీ సాబ్

లారీ కొండ ఎక్కలేక ఇటుకలు కింద రోడ్డు పక్కనే కుప్ప పోసింది. అక్కడి నుంచి బడి దాకా మోయాలి. నేను ఒక తట్ట నిండా పెట్టుకుని ఎక్కడం మొదలు పెట్టాను. వెనక నుంచి మామా రూత్ గొంతు. “పోలే, పోలే!”

నా గుండె ఉప్పొంగింది. తినేటప్పుడు ఆమెకు నేను తెలుగు నేర్పుతున్నాను. రా, పో, తిను, చాలు, ఇట్లా. పో అని నేర్పితే పోలే అని తనంతట తనే కూర్చుకుంది! అదీ మా జిల్లా మాట. మా అయ్యగారు ఇన్నేళ్లు బెల్లంపల్లి నీళ్లు తాగి ఇప్పటికీ పోలేదు అనే అంటారు.

కానీ పోలే అంటే ఏమిటి? ఇటుకలు పోలే. కుప్ప ఇంకా అట్లాగే ఉంది అని కదా. ఆమె రెండు అరచేతులూ కిందికి ఊపుతూ కుప్ప వైపే చూస్తోంది. నాకు పౌరుషం వచ్చింది. వేగం పెంచాను.

“పోలే పోలే మామా!”

ఇంకా పెంచాను. నేను ఎంత పరిగెత్తితే ఆమె అంత గట్టిగా అరుస్తుంది. ఆమె ఎంత గట్టిగా అరిస్తే నేను అంత పరిగెత్తుతాను. ఇంత కఠినమైన మనిషిని నేను చూడలేదు. నా మనసులో ఆమె మీద గౌరవం పెరిగింది.

ఇంతలో రోడ్డున పోయేవాళ్లు కూడా మొదలు పెట్టారు. బుట్టతో పోయే ఆమె, సైకిలు మీద పోయే ఆయన, అందరిదీ ఒకటే మాట. “పోలే నా కాజీ!” ఊరంతా తెలుగు నేర్చుకుందా అని దానియేలును అడిగాను. వాడు తాపీ ఆపి ఆలోచించాడు.

“ఖాజీ సాబ్ పోలేదట పెద్దమ్మా.”

“ఏ ఖాజీరా? ఈడ అందరు మనలెక్క కిరస్తానీలే గదా?”

“గవర్నమెంటోడు గావచ్చు. కట్టుడు చూడనీకె వచ్చిండు, ఈన్నే తిరుగుతున్నడు, ఇంకా పోలే. జర జల్ది కానియ్యమని మనకు ఇషారా ఇస్తున్నరు.”

అంతే. ఆ రోజు నుంచి ఖాజీ కోసం చూపు. పొడుగాటి మనిషి ఒకాయన నల్ల గొడుగు పట్టుకుని పొద్దునా సాయంత్రం ఆ దారినే పోతాడు. ప్రతిసారీ ఆగి మా పని చూస్తాడు. ఇంకెవరు? ఆయన కనిపిస్తే దానియేలు దారం సరిచేసేవాడు, నేను నిటారుగా నడిచేదాన్ని. ఇద్దరం సలాం కొట్టేవాళ్లం. ఆయన గొడుగు మడిచి, తల వంచి, “పోలే నా కాజీ,” అనేవాడు.

“తన సంగతి తనే చెప్పుకుంటున్నడేందిరా?”

“పెద్ద ఆఫీసర్లు అట్లనే మాట్లాడుతరు,” అన్నాడు దానియేలు.

కుప్ప సగానికి వచ్చిన రోజు అది. మబ్బు పట్టింది. మామా రూత్ రెండు చేతులూ ఎత్తి, “పోలే పోలే పోలే!” అని గొంతు చించుకుంటోంది. కింద ఖాజీ సాబ్ గొడుగుతో నిలబడి చూస్తున్నాడు. నేను నిండు తట్టతో పరిగెత్తాను. మట్టి కలిపిన గుంట అంచున కాలు జారింది. తట్ట ఒకవైపు, ఇటుకలు ఒకవైపు, నేను బురదలో కూలబడ్డాను. నడుము కలుక్కుమంది. లేవబోతే లేవలేదు.

అందరూ పరిగెత్తుకొచ్చారు. నా చుట్టూ మూగి, కళ్లలో నీళ్లు పెట్టుకుని ఏమన్నారో తెలుసా?

“పోలే! పోలే సానా మామా! పోలే!”

నాకు ఒళ్లు మండిపోయింది. “పోలే ఏంది? పోయింది! నా నడుము పోయింది!”

“పోలే సానా!”

“పోయిందంటుంటే! పోయింది!”

ఖాజీ సాబ్ గొడుగు పారేసి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. “పోలే, మామా.”

“నువ్వన్న చెప్పు ఖాజీ సాబ్! పోయింది!”

ఆయన నా ముఖం చూశాడు. వాళ్ల ముఖాలు చూశాడు. మెల్లగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, “పో...యిం...దీ,” అన్నాడు. ఆడవాళ్లంతా తలలాడించి, “పోయిందీ, మామా, పోయిందీ,” అన్నారు. చివరికి ఒప్పుకున్నారు కదా అని నాకు కొంత శాంతి కలిగింది.

చాప

నన్ను ఎత్తుకుపోయి మామా రూత్ తన పెద్ద మంచం మీద పడుకోబెట్టబోయింది. నేను మంచం కోడు పట్టుకుని అరిచాను. “మంచం వద్దు! చాప! చాప!”

“నడుం పట్టినప్పుడు చాపేంది పెద్దమ్మా?” అన్నాడు దానియేలు.

“షరతు మంచం మీద. చాప సంగతి యోహానన్న ఏమన్నా అన్నడా?”

వాడు ఆలోచించి, అనలేదన్నాడు. చాప వేశారు. జబ్బు చేస్తే నేల మీద పడుకోవడం మన దేశపు క్రైస్తవుల ఆచారం అనుకున్నట్టున్నారు. నన్ను చూడవచ్చిన వాళ్లంతా చెప్పులు బయట విడిచి, కుర్చీలు వదిలి, భక్తిగా నేల మీద కూర్చున్నారు.

మామా రూత్ ఆవిరి గుడ్డతో కాపడం పెట్టింది, నూనె రాసింది. ఆ తరువాత లేచి పనికి పోతుందనుకున్నాను. పోలేదు. పక్కనే కూర్చుంది. గింజలు ఒలవలేదు, బట్టలు కుట్టలేదు. ఊరికే నా పాదం మీద చేయి వేసి కూర్చుంది. ఇంత పని పెట్టుకుని ఇట్లా కూర్చునే మనిషిని నేను ఇంట్లో అయితే ఒక్క అరుపుతో లేపేదాన్ని. నేను కదిలి మూలిగినప్పుడల్లా, “పోయిందీ, మామా, పోయిందీ,” అంటుంది. నొప్పిని నెమ్మదిగా గుమ్మం దాకా సాగనంపుతున్నట్టు. విచిత్రం ఏమిటంటే కొంత పోయింది కూడా.

కానీ నాకు నిద్ర పట్టలేదు. సత్తెమ్మ ముఖమే కనిపిస్తోంది.

ఆదివారం: అర్థాలు

అయ్యగారు వచ్చి, సంగతి విని, నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. చాలాసేపు తీయలేదు.

“పోలే పోలే అంటే మెల్లగా మెల్లగా అనండీ. పాపం ఆవిడ మిమ్మల్ని నెమ్మదిగా నడవమని మొత్తుకుంది.”

“మరి నేను పడ్డంక?”

“ఉత్త పోలే అంటే, అయ్యో నీకెంత కష్టం వచ్చింది అని.”

“ఖాజీ సాబ్?” అన్నాడు దానియేలు.

“కాజీ అంటే పని. పోలే నా కాజీ అంటే, పనిలో అలసిపోతున్నారు పాపం అని. దారిన పోయే ప్రతివాళ్లూ పనిచేసే వాళ్లతో అలా అంటారు. ఇక్కడి మర్యాద అది. ఆ గొడుగాయన ఆలుగడ్డలు అమ్ముకుంటాడు. అయినా ఏస్తేరమ్మ గారూ, మావైపు లాగా పోలేదు అనే అలవాటు ఉంటే మీకీ గొడవే ఉండేది కాదు.”

“నడుమెట్లనో పోయింది అయ్యగారూ. యాస అన్న ఉండనియ్యండి,” అన్నాను.

నవ్వాం గానీ, నేను చాప మీద ఆలోచనలో పడ్డాను. మన దగ్గర ఎవరైనా పని చేస్తుంటే పక్క నుంచి పోయేవాళ్లు ఏమంటారు? ఇంకా కాలేదా అంటారు. గోడ వంకర పోయింది అంటారు. వాళ్లు పొద్దంతా నన్ను ఓదారుస్తుంటే నేను మందలింపు అనుకుని పరిగెత్తాను. ఓదార్పు నా చెవికి మందలింపు లాగే వినిపించింది, నా చెవికి అలవాటైంది అదే కాబట్టి.

ఆ రోజు చర్చిలో నేను సాక్ష్యం, అంటే నా భక్తి అనుభవం, చెప్పాలి. సోమరితనం మీద గట్టిగా తయారై వచ్చాను, ఇంటి దగ్గరే బట్టీ పట్టాను. కుర్చీతో సహా ఎత్తుకుపోయి ముందర పెట్టారు. నోరు తెరిస్తే ఆ సాక్ష్యం రాలేదు. “బరువు మోసేవాళ్లను ప్రభువు రమ్మన్నడని నాకు ఎరుకే. తట్ట నెత్తిన పెట్టుకొనే ఉరికి వచ్చిన. వచ్చినోళ్లను దించుకొని కూసోమన్నడు గదా, గది నేను సగమే విన్న,” అన్నాను. అయ్యగారు వాళ్ల భాషలో చెప్పారు. మామా రూత్ అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.

వంటిల్లు

నడుము కుదురుకున్నాక మళ్లీ పనికి వెళ్లాను. ఈసారి కూర్చుని చేసే పని. కప్పు పడింది, నేల అలకాలి. వాళ్లూ మన లాగే ఎర్రమట్టి, ఆవుపేడ కలిపి అరచేత్తో అలుకుతారు. మామా రూత్ ఆ గోడ నుంచి, నేను ఈ గోడ నుంచి మొదలు పెట్టి మధ్యలో కలుసుకున్నాం. ఆమె అర్ధచంద్రాలూ నా అర్ధచంద్రాలూ ఎక్కడ కలిశాయో తెలియలేదు. నేను తొందరపడితే ఆమె కనుబొమ్మ ఎత్తేది. “పోలే పోలే,” అని నేనే అనుకునేదాన్ని.

పొయ్యి వెలిగించిన రోజే వాన వచ్చింది. మంట ఆరలేదు. పిల్లలు పళ్లేలతో వరస కట్టారు. రేకుల మీద వాన చప్పుడుకు ఎవరి భాషా ఎవరికీ వినిపించలేదు. ఆ పూట మాలో ఎవరమూ ఏమీ తప్పుగా అర్థం చేసుకోలేదు.

వచ్చేటప్పుడు ఒక తట్ట మామా రూత్‌కు ఇచ్చాను. ఆమె తన నారబుట్ట ఇచ్చింది. కింద తట్ట, పైన బుట్ట కట్టుకుని ఇల్లు చేరాను. జగిత్యాల పిలగాడు కనిపిస్తే జీతం ముట్టిందని చెప్పేదాన్ని.

మళ్లీ బెల్లంపల్లి

వచ్చిన ఆదివారమే కూటం. యోహానన్న ముందు వరసలో కూర్చున్నాడు. “ఒక్కటే ముచ్చట ఏస్తేరమ్మా. మంచాన పడ్డవా, పడలేదా?”

పడలేదు, మంచం తాకనే లేదు అని విమానంలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అబద్ధం కాదు కదా. కానీ చర్చిలో నిలబడి ఉన్నది ఉన్నట్టే చెప్పాను. “మంచాన పడలే. చాపన పడ్డ. కని పడుడు పడుడే అన్నా. నడుం పట్టి పండుకున్న.”

“అయితే షరతు షరతే,” అన్నాడు. సత్తెమ్మ కొంగు తల మీదికి లాక్కుని నేల చూసింది.

అయ్యగారు తన ఫోన్‌ను తెరకు కలిపారు. అక్కడివాళ్లు సంఘాన్ని పలకరిస్తామన్నారట. తెర మీద మామా రూత్, వెనక పొగచూరుతున్న వంటిల్లు, గొడుగు మనిషి, ఆడవాళ్లు. పెద్దమనిషి కదా, యోహానన్న వందనం చెప్పడానికి బల్ల పట్టుకుని లేవబోయాడు. ఆయనకు మోకాలి నొప్పి పాతదే. “అబ్బా!” అన్నాడు.

మామా రూత్ ముఖం జాలితో నిండిపోయింది. అక్కడి నుంచే చేయి చాపి, “పోయిందీ బాబా, పోయిందీ!” అంది. వెనక అందరూ కలిసి, “పోయిందీ!” అన్నారు.

యోహానన్న బిత్తరపోయి మా వైపు తిరిగాడు. “ఏం పోయిందట?”

నేను చెప్పబోయేలోపు నా పక్క నుంచి ఒక గొంతు లేచింది. జన్మలో కూటంలో వినిపించని గొంతు.

“మీ షరతు పోయిందట పెద్దయ్యా!”

సత్తెమ్మ! అని తనే నోరు మూసుకుంది. మొదట ఆడవాళ్ల వైపు నవ్వు మొదలైంది, మగవాళ్ల వైపు పాకింది. అక్కడ తెర మీద ఎందుకో తెలియకుండానే వాళ్లూ నవ్వారు. యోహానన్న కోపంగా ఉండటానికి చాలా ప్రయత్నం చేశాడు. ముందు ఆయన భుజాలు ఊగాయి. తరువాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“సరే తియ్,” అన్నాడు. “పోతే పోయింది.”

వచ్చే ఏడు సత్తెమ్మ వెళ్తోంది. సూట్‌కేసు కొంటానని మొదలు పెడితే నేనే ఆపి, నా తట్టా బుట్టా ఇచ్చాను. ఊరికే ఇచ్చాను. ఆత్మ ఎదిగిందా అని అడిగేవాళ్లు ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇంకొక్క మాట. ఈ మధ్య మీరు నల్లా దగ్గర బిందె ఎత్తుకుంటుంటే నేను పోలే అంటున్నాను. “పోతనే ఉన్న గద పెద్దమ్మా, ఇంకెంత జల్ది పోవాలె?” అని కొట్లాటకు వస్తున్నారు. ఇదంతా రాసింది అందుకే.